చదువు మధ్యలో ఆగిపోకుండా



అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇల్లు ఇవాళ మన పట్నాల్లో వీధికి ఒకటైనా ఉంటుంది. అక్కడికి కాపురానికి వెళ్ళిన కోడలు ఫోనులో "అత్తయ్యా, నేను ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలో చేరాను" అన్నదనుకోండి, మనకి వెంటనే అనుమానం పుట్టుకొస్తుంది. అదేం కాలేజీ? ఇక్కడ డిగ్రీ పుచ్చుకున్న పిల్ల అక్కడికెళ్ళి రెండేళ్ళ కాలేజీలో చేరడమేమిటి? మన ట్యుటోరియల్ కాలేజీ లాంటిదా? నలుగురిలో చెప్పుకోదగినదేనా? ఈ ప్రశ్నలు నన్ను అడిగినవారు చాలామందే ఉన్నారు. అందుకని ఈ వేళ ఆ కాలేజీల సంగతీ, అంతకంటే ముఖ్యంగా, అక్కడ చేరినవాళ్ళు చదువు మధ్యలో మానేయకుండా వాళ్ళని ఎలా నిలబెడుతున్నారన్న సంగతీ మీతో చెబుదామనుకుంటున్నాను. రెండోదే అసలు విషయం. అమెరికాలో చుట్టాలెవరూ లేనివారికి కూడా అది పనికొస్తుంది.

షికాగో నగరానికి దగ్గర్లో జోలియెట్ అని ఒక ఊరుంది. 1901లో ఆ ఊరి హైస్కూలులోనే ఆరుగురు విద్యార్థులతో కాలేజీ చదువు మొదటి రెండేళ్ళూ చెప్పడం మొదలుపెట్టారు. ఊరు విడిచి, ఖర్చు పెట్టుకుని దూరంగా ఉన్న విశ్వవిద్యాలయానికి పోలేని పిల్లలకి ఇంటి దగ్గరే చదువు దొరకాలని వారి ఉద్దేశం. తరువాత ఇలాంటివి ఊరూరా లేచాయి. వీటిని జూనియర్ కాలేజీలు అనేవారు. 1947లో ట్రూమన్ అధ్యక్షుడు వేసిన సంఘం తన నివేదికలో కమ్యూనిటీ కాలేజీ అన్న మాట వాడాక ఆ పేరు స్థిరపడింది. ఇప్పుడు ఆ దేశంలో ఇవి సుమారు వెయ్యి ఉన్నాయి.

మన ఈవెనింగ్ కాలేజీ, పాలిటెక్నిక్, ఓపెన్ యూనివర్సిటీ, ఈ మూడింటినీ ఒకే గిన్నెలో వేసి కలిపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, దాదాపు అదే. హైస్కూలు చదువు అయినవారెవరికైనా సీటు ఉంటుంది. ఇన్ని మార్కులు రావాలన్న పట్టింపు సాధారణంగా ఉండదు. ఫీజు విశ్వవిద్యాలయాలకంటే బాగా తక్కువ. రెండేళ్ళు చదివితే అసోసియేట్ డిగ్రీ ఇస్తారు. దానితో కొందరు తిన్నగా ఉద్యోగంలోకి పోతారు. నర్సుల చదువే తీసుకోండి, ఈ రెండేళ్ళ డిగ్రీతో రాష్ట్రం గుర్తించిన నర్సు పరీక్షకి కూర్చోవచ్చు. మరికొందరు ఆ రెండేళ్ళ చదువునీ లెక్కలో వేయించుకుని విశ్వవిద్యాలయంలో మూడో ఏడులోకి మారిపోతారు. క్లాసులో అందరూ పద్దెనిమిదేళ్ళ పిల్లలే ఉంటారనుకోకండి. పగలంతా కొట్లో నిలబడి పనిచేసి సాయంత్రం పుస్తకం పట్టుకునేవారు, బిడ్డల తల్లులు, పాతికేళ్ళ కిందట చదువు మానేసి మళ్ళీ మొదలుపెట్టినవారు పక్కపక్కనే కూర్చుంటారు. మొత్తం మీద ఆడవాళ్ళే ఎక్కువ.

ఇక గౌరవం మాట. ఐలీన్ కాలిన్స్ అనే ఆవిడ న్యూయార్క్ రాష్ట్రంలో ఎల్మైరా అనే ఊళ్ళో పుట్టింది. ఇంట్లో డబ్బుకి ఇబ్బంది. దగ్గరలోని కార్నింగ్ కమ్యూనిటీ కాలేజీలో చదివి 1976లో రెండేళ్ళ డిగ్రీ తీసుకుంది. చిన్నాచితకా పనులు చేసి కూడబెట్టిన డబ్బుతో విమానం నడపడం నేర్చుకుంది. అక్కణ్ణించి సిరక్యూస్ విశ్వవిద్యాలయానికీ, ఆ తరువాత వైమానిక దళానికీ వెళ్ళింది. 1995లో స్పేస్ షటిల్ నడిపిన మొదటి మహిళా పైలట్ ఆవిడే. 1999లో కొలంబియా షటిల్‌కి నాయకత్వం వహించింది. స్పేస్ షటిల్‌కి అలా నాయకత్వం వహించిన మొదటి స్త్రీ కూడా ఆవిడే. జిల్ బైడెన్ గారు భర్త ఉపాధ్యక్షుడుగా ఉన్న రోజుల్లోనూ, అధ్యక్షుడయిన తరువాతా, 2024 చివరిదాకా ఉత్తర వర్జీనియాలోని ఒక కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పారు. కాబట్టి కోడలు అక్కడ చేరిందంటే నలుగురిలో నిక్షేపంలా చెప్పుకోవచ్చును. ఈ కాలేజీల్లో బాగా చదివేవారి కోసం ఫై తీటా కప్పా అనే గౌరవ సంఘం కూడా 1918 నుంచీ ఉంది.

అయితే పతకాలు వచ్చినవారి కథలు చెప్పుకుని మురిసిపోతే సగం సంగతే తెలిసినట్టు. తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయి గాని, లోపలికి వెళ్ళినవాళ్ళలో చాలామంది డిగ్రీ చేతికి రాకుండానే బయటికి వచ్చేస్తున్నారు. న్యూయార్క్ నగరంలో మూడు కమ్యూనిటీ కాలేజీల్లో ఒక పరిశోధన చేశారు. ప్రత్యేక సాయమేదీ అందని బీద విద్యార్థుల్లో మూడేళ్ళలో రెండేళ్ళ డిగ్రీ పూర్తిచేసినవారు నూటికి ఇరవై ఇద్దరే అని అందులో తేలింది. మిగతా డెబ్భై ఎనిమిది మందికీ బుర్ర లేదంటారా?

మనం సాధారణంగా అదే అంటాం. "దానికి చదువు అబ్బలేదమ్మా" అనేసి ఊరుకుంటాం. ఆడపిల్ల విషయంలో అయితే ఆ మాట మరీ తొందరగా అనేస్తాం.

టెక్సాస్ రాష్ట్రంలో అమరిల్లో అనే ఊరి కాలేజీవారు ఈ మాట అనే ముందు విద్యార్థులనే అడిగి చూశారు. మీ చదువుకి ఏమిటి అడ్డం వస్తోంది అని. లెక్కలు కష్టంగా ఉన్నాయనో, పాఠం అర్థం కావడం లేదనో చెబుతారని పెద్దలు ఎదురుచూశారు. తీరా చూస్తే మొదటి పది కారణాల్లో పాఠాలకి సంబంధించినది ఒక్కటీ లేదు. పిల్లని చూసేవాళ్ళు లేరు, ఇంటద్దె కట్టలేదు, తిండికి జరగడం లేదు, కారు పాడయింది, ఒంట్లో బాగుండకపోతే వైద్యానికి డబ్బు లేదు, కరెంటు బిల్లు బాకీ. ఇవీ కారణాలు. ఈ జాబితా చదివి మనలో ఆశ్చర్యపోయేవారు ఎవరైనా ఉంటారా? ఇల్లు నడిపే ప్రతి ఆడదానికీ ఇవి తెలిసినవే. పెద్ద చదువులు చదివినవారికి అడిగితే గాని తెలియలేదు, అంతే.

అప్పుడు ఆ కాలేజీవారు ఒక మంచి పని చేశారు. తమ విద్యార్థుల సగటు తీసి, ఆ సగటు మనిషికి మరియా అని పేరు పెట్టారు. మరియాకి 27 ఏళ్ళు. వాళ్ళ కుటుంబంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. రెండు చోట్ల చిన్న ఉద్యోగాలు చేస్తుంది. పిల్లలు 1.2 మందిట! సగటు లెక్క కదా, అలాగే వస్తుంది మరి. ఏ నిర్ణయం చేయాలన్నా ఇది మరియాకి కుదురుతుందా అని చూసుకోవడం మొదలుపెట్టారు. కాలేజీలోనే ఒక సహాయ కేంద్రం తెరిచారు. అందులో బియ్యం పప్పు లాంటి సరుకులు ఊరికే తీసుకువెళ్ళే గది ఒకటి, ఉద్యోగానికో ఇంటర్వ్యూకో వేసుకోవడానికి బట్టలు ఇచ్చే గది ఒకటి పెట్టారు. అద్దె, కరెంటు బిల్లు వంటి అత్యవసరాలకి సాయం చేసి దారి చూపే సంఘసేవకులు అక్కడే కూర్చుని ఉంటారు. పదహారు వారాలపాటు నడిచే కోర్సులని చాలావరకు ఎనిమిది వారాలకి మార్చారు. ఇందులోని తెలివి చూడండి. పదహారు వారాల్లో పన్నెండో వారంలో బిడ్డకి జబ్బు చేస్తే నాలుగైదు సబ్జెక్టులూ ఒక్కసారే పోతాయి. ఎనిమిది వారాలకి రెండేసి సబ్జెక్టులు పెట్టుకుంటే, కష్టం వచ్చినా పోయేది ఆ రెండే. ముందు పూర్తయినవి చేతిలోనే ఉంటాయి. 2023లో ఆ కాలేజీ, కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ వ్యాలీ కాలేజీ కలిసి ఆస్పెన్ బహుమానం అందుకున్నాయి. ఆ దేశంలో కమ్యూనిటీ కాలేజీలకిచ్చే పెద్ద బహుమానం అది.

ఇక న్యూయార్క్ కథ. ఇది నాకు మరీ నచ్చింది. ఎందుకంటే వాళ్ళు దేన్నీ ఊహకి వదలకుండా లెక్క తీసి చూపించారు.

న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం వారు 2007లో అసాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. పొడుగాటి పేరుకి అది పొట్టి రూపమే గాని, ఇంగ్లీషులో ఆ మాటకి వీలైనంత త్వరగా అన్న అర్థం కూడా ఉంది. అందులో చేరినవారికి ఏమేమి ఇచ్చారో వినండి. ప్రభుత్వ సాయం పోగా ఫీజులో ఇంకా బాకీ ఉంటే అది రద్దు చేశారు. పాఠ్యపుస్తకాలు ఉచితం. నెలనెలా బస్సులకీ, భూగర్భ రైళ్ళకీ చెల్లే కార్డు. చదువులో వెనకబడిన సబ్జెక్టుకి ప్రైవేటు చెప్పే ఏర్పాటు. ఉద్యోగం, కాలేజీ రెండూ కుదిరేట్టుగా క్లాసులన్నీ వరసగా ఒకే పూట పెట్టడం. వీటన్నిటికంటే మిన్న, తనకంటూ ఒక సలహాదారు. మామూలుగా ఈ కాలేజీల్లో ఒక్కొక్క సలహాదారుకి ఆరు వందల నుంచి పదిహేను వందల మంది దాకా విద్యార్థులుండేవారు. అంతమందిలో ఎవరి మొహం గుర్తుంటుంది? అసాప్‌లో ఒకరికి అరవై నుంచి ఎనభై మందే ఉండేవారు. ఒక వారం రాకపోతే "ఏమ్మా, రాలేదేం?" అని అడిగే మనిషి ఉన్నట్టన్నమాట.

ఇన్నీ ఉచితంగా ఇస్తే విలువ తెలుస్తుందా అంటారు మన పెద్దవాళ్ళు. అప్పనంగా వచ్చినది ఎవరూ లక్ష్యపెట్టరని. సరిగ్గా ఈ ప్రశ్నే వాళ్ళకీ వచ్చినట్టుంది. ఇచ్చినదానికి షరతులు పెట్టారు. టెర్ముకి పూర్తి సబ్జెక్టులు తీసుకుని చదవాలి. లెక్కల్లోనో ఇంగ్లీషులోనో పునాది తరగతులు అవసరమైతే వాటిని వెనక్కి నెట్టకుండా ముందే కానిచ్చెయ్యాలి. సలహాదారుని క్రమం తప్పకుండా కలుసుకోవాలి. చెప్పినట్టు హాజరైతేనే ఆ నెల రైలు కార్డు చేతికొస్తుంది. పాలకేంద్రానికి వెళ్ళి గిన్నె పట్టుకుంటేనే పాలు పోసినట్టు! ఇది దానధర్మం లాంటిది కాదు, ఇద్దరి మధ్యా ఒప్పందం. ఆ రైలు కార్డు కోసం వచ్చిన పిల్ల పది నిమిషాలు కూర్చుని తన ఇబ్బంది చెప్పుకుంటుంది. అక్కడ మొదలవుతుంది అసలు సాయం.

పునాది తరగతుల సంగతి ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతాను. అప్పట్లో కాలేజీలో చేరగానే పరీక్ష పెట్టి, హైస్కూలు లెక్కలు సరిగా రావని తేలితే ఆ తరగతుల్లో వేసేవారు. వాటికి ఫీజు పడేది గాని అవి డిగ్రీ లెక్కలోకి వచ్చేవి కావు. ఏడాది గడిచినా డిగ్రీ వైపు ఒక్క అడుగూ పడలేదని నిరాశపడి మానేసేవారు కొల్లలు. ఆ తరగతి గట్టెక్కడం కూడా ఒక ఘనకార్యమేనని నేనంటాను. దానికి పతకం ఎవరూ ఇవ్వరు గాని.

2010లో ఎం.డి.ఆర్.సి. అనే పరిశోధన సంస్థవారు 896 మంది విద్యార్థులని తీసుకున్నారు. అందరూ తక్కువ రాబడి ఉన్నవారు, ఒకటి రెండు పునాది తరగతులు కావలసినవారు. చీట్లు వేసినట్టుగా వాళ్ళని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి అసాప్, రెండో జట్టుకి కాలేజీలో మామూలుగా ఉండే సౌకర్యాలే. తెలివైనవాళ్ళని ఏరుకుని ఒక పక్కన పెట్టుకున్నారన్న మాట రాకుండా అలా చేశారు. ఇందాక చెప్పిన నూటికి ఇరవై ఇద్దరు ఈ రెండో జట్టువారే. మూడేళ్ళ తరువాత చూస్తే అసాప్ జట్టులో డిగ్రీ వచ్చినవారు నూటికి నలభై మంది. బుర్రలు అవే, కాలేజీలు అవే, దాదాపు రెట్టింపు ఫలితం! ఈ లెక్కలు 2015లో వెలువడ్డాయి.

"అమ్మో, ఎంత ఖర్చయిందో" అంటారేమో. అయింది. మూడేళ్ళలో మనిషికి పదహారు వేల డాలర్ల పైన ఎక్కువ ఖర్చు చేశారు. మామూలు ఖర్చుకంటే నూటికి అరవై వంతులు ఎక్కువ. కాని దీన్ని మనం సంసారం లెక్కలో చూద్దాం. మామూలు విద్యార్థి మీద వంద రూపాయలు ఖర్చనుకోండి. వంద మందికి పదివేలు. పూర్తిచేసినవారు ఇరవై ఇద్దరు. అంటే ఒక్క డిగ్రీకి పడిన ఖర్చు 454 రూపాయలు. అసాప్‌లో మనిషికి 160 చొప్పున వంద మందికి పదహారు వేలు. పూర్తిచేసినవారు నలభై మంది. ఒక్క డిగ్రీకి పడింది 400. ఎక్కువ పెట్టుబడి పెట్టినదే చివరికి చవకగా తేలింది. పరిశోధకుల అసలు లెక్కలోనూ డిగ్రీకి నూటికి పదకొండు వంతులు తక్కువే అయింది. వంద మొక్కలకి తలా ఒక చెంబు నీళ్ళు పోసి ఎండబెట్టుకోవడం పొదుపని మనలో ఎవరమూ అనుకోం గదా.

న్యూయార్క్‌లో కుదిరింది ఇతర చోట్ల కుదురుతుందా అని ఒహాయో రాష్ట్రంలో మూడు కాలేజీల్లో ఇదే పద్ధతి పెట్టి చూశారు. అక్కడ చాలామంది కారు మీదే ఆధారపడతారు. అందుకని రైలు కార్డుకి బదులు నెలకి యాభై డాలర్ల కూపను కార్డు ఇచ్చారు. పెట్రోలు పోయించుకోవచ్చు, లేదా సరుకులు కొనుక్కోవచ్చు. అక్కడ మూడేళ్ళలో ఫలితం నూటికి ముప్ఫై ఐదు, మామూలు జట్టులో పంతొమ్మిది. అంటే వస్తువు ఏదైనా ఫరవాలేదు, ఆ ఊళ్ళో కాలేజీకి రాకుండా అడ్డుపడేది ఏదో దాన్ని చూసి ఇవ్వాలి.

ఇంత చేసినా న్యూయార్క్‌లో ఆరేళ్ళకి కూడా డిగ్రీ వచ్చినవారు సుమారు సగం మందే. మామూలు జట్టులో నూటికి నలభై ఒకరు. మిగతా సగం సంగతి ఏమిటన్న ప్రశ్న అలాగే ఉంది. పిల్లల్ని చూసుకోవడం అన్నింటికంటే కష్టమైన చిక్కుముడి అని నా అభిప్రాయం. చదువుకునే తల్లుల బిడ్డల సంరక్షణకి 1998 చట్టంతో కేంద్ర ప్రభుత్వం ఒక గ్రాంటు పెట్టింది గాని, అవసరంతో పోలిస్తే అది చెయ్యి చాలీచాలనిదే. మన తెలుగు ఇళ్ళలో ఆ పని ఎవరు చేస్తున్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. విజిటరు వీసా మీద ఆరు నెలలకి వెళ్ళి, మనవడికి అన్నం పెట్టి పడుకోబెట్టే అమ్మమ్మలూ నాయనమ్మలే. కోడలు పుస్తకం తెరవగలుగుతోందంటే ఏ కాలేజీ లెక్కల్లోనూ కనిపించని ఈ సాయం ఉందన్నమాట. అత్తగారు తిరుగు ప్రయాణమైతే చదువూ ఆగిపోతున్న ఇళ్ళు లేకపోలేదు.

చదువు మధ్యలో ఆగినవారిని మళ్ళీ అందుకోవడం మనకి కొత్తదేమీ కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, బడి మానేసిన స్త్రీలని బెనారస్ మెట్రిక్ పరీక్షకి తయారుచేశారు. కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆవిడే మొదటి అధ్యక్షురాలు. 1958లో ఆ మండలి ద్వారా వయోజన స్త్రీల కోసం సంక్షిప్త కోర్సులు దేశమంతటా మొదలయ్యాయి. 1982లో హైదరాబాదులో దేశంలోకెల్లా మొదటి ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది. ఇప్పుడది అంబేద్కర్ గారి పేరు మీద ఉంది. తెలంగాణాలో 2023 డిసెంబరు నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచీ ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ప్రయాణం ఉచితమయింది. ఇవన్నీ మంచివే. కాకపోతే బస్సు ఒకరిది, పుస్తకం ఒకరిది, ఫీజు మరొకరిది. అన్నింటినీ ఒకచోట చేర్చి "ఏమ్మా, రాలేదేం?" అని అడిగే మనిషి మాత్రం మన దగ్గర అరుదు. న్యూయార్క్‌వారి నుంచి తెచ్చుకోవలసింది ఏదైనా ఉంటే అది ఆ మనిషినే.

ఇక అక్కడ కోడలో కూతురో ఉన్నవారికి పనికొచ్చే నాలుగు మాటలు. హెచ్-4 వీసా మీద ఉన్న భార్య ఈ కాలేజీల్లో పూర్తికాలం చదువుకోవచ్చు, వీసా మార్చుకోనక్కర్లేదు. భర్త విద్యార్థి అయి ఆమె ఎఫ్-2 వీసా మీద ఉంటే, 2015 నుంచి పార్ట్ టైముగా చదవడానికి వీలుంది, పూర్తికాలం కూడదు. చదువుకోవచ్చన్నారు గదా అని ఉద్యోగం చెయ్యకూడదు. దానికి అనుమతి వేరే. పెల్ గ్రాంటు అని అక్కడి ప్రభుత్వమిచ్చే పెద్ద ఉపకారవేతనం పౌరులకీ, గ్రీన్‌కార్డు వంటివి ఉన్నవారికీ మాత్రమే. స్థానికులకిచ్చే తక్కువ ఫీజు వీసా మీద ఉన్నవారికి వర్తిస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. చేరకముందే కాలేజీ ఆఫీసులో అడిగి తెలుసుకోమనండి.

మరొకటి. ఇక్కడి డిగ్రీ మార్కుల జాబితాలు, సిలబసు కాగితాలు పారేయకుండా ఆమె వెంట పంపండి. వాటిని అక్కడి పద్ధతిలో విలువ కట్టించుకుంటే కొన్ని సబ్జెక్టులు మళ్ళీ చదవక్కర్లేకుండా పోవచ్చు. విశ్వవిద్యాలయానికి మారే ఉద్దేశం ఉంటే, ఏ విశ్వవిద్యాలయం ఈ కాలేజీ సబ్జెక్టులని ఒప్పుకుంటుందో మొదటి టెర్ములోనే సలహాదారుని అడగాలి. రెండేళ్ళు చదివాక అడిగితే, ఆ సబ్జెక్టుల్లో కొన్ని లెక్కలోకి రావని అప్పుడు తెలుస్తుంది.